పై అరలోని ఫ్యాను

మా ఇంట్లో మాటలు నేర్చుకోవలసినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరికి రెండేళ్ళు దాటాయి, ఇంకొకరికి ముప్ఫై అయిదు దాటాయి. చిన్నది మొదట నేర్చుకున్న మాట 'వద్దు'. తర్వాత 'కాదు'. ఆ తర్వాత 'నేనే'. ఆ మూడు ముక్కలతోనే ఇల్లంతా ఏలుకుంటోంది. పెద్దాయన బడికెళ్ళాడు, పని నేర్చాడు, కొట్టు పెట్టాడు, నన్ను పెళ్ళి కూడా చేసుకున్నాడు. 'కాదు' అనడానికి మాత్రం ఇప్పటికీ నోరు తిరగలేదు.

మా ఆయన ఫ్యాన్లు బాగుచేస్తాడు. కింద కొట్టు, పైన మేము. మెట్లు దిగితే వ్యాపారం, ఎక్కితే సంసారం. మధ్యలో మెట్ల మీద కూర్చుని రెండింటినీ అజమాయిషీ చేసేది మా అమ్మాయి. చేతులు వెనక్కి కట్టుకుని, పొట్ట ముందుకు పెట్టి, తండ్రి బిగించే ప్రతి స్క్రూనీ అనుమానంగా చూసే ఆ వాలకానికి ఆయనే 'మేస్త్రి' అని పేరు పెట్టాడు. పెట్టిన పేరు వేరే ఉంది కానీ దానితో పిలిస్తే అది వెనక్కి తిరిగి చూడదు.

కొట్టులో గోడకి మూడు అరలు. కింది అరలో కొత్తగా వచ్చినవి, మధ్య అరలో పని నడుస్తున్నవి. పై అర సంగతి వీధి వీధంతటికీ తెలుసు, ఆయనొక్కడికే తెలియనట్టు ఉంటాడు. పై అరకెక్కిన ఫ్యాను మళ్ళీ దిగదు. అది బాగుపడదని విప్పిన రోజే ఆయనకి తెలిసిపోతుంది. కానీ దాని తాలూకు మనిషి గుమ్మంలో నిలబడి ఆశగా మొహం పెట్టగానే ఈయన నాలుక మడతపడుతుంది.

"రేపు రండి" అంటాడు.

"కాళ్ళరిగేలా తిప్పుకోకపోతే, ఇది ఇంక పనికిరాదని ఒక్క ముక్క చెప్పి పంపించెయ్యరాదూ?" అని అడిగేదాన్ని.

"పాపం, ఆయన మొహం చూశావా?"

మొహం చూసి ఫ్యానుకి వైద్యం చేసే మనిషిని నేను ఈయన్నే చూశాను. నిజం చెప్పాలంటే అది అబద్ధమాడడం కూడా కాదు. రేపటి మీద ఆయనకి నిజంగానే నమ్మకం.

ఆ ఎండాకాలం మొదలయ్యేటప్పటికి నాకు ఎనిమిదో నెల. మేస్త్రికి ఈ సంగతి పనివాళ్ళ పద్ధతిలోనే అర్థమైంది. మోటారు లోపల బేరింగు ఎలా ఉందో తెలుసుకోవడానికి వాళ్ళ నాన్న స్క్రూడ్రైవర్ మొనని తిరిగే మోటారు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటాడు. అది చూసి చూసి, ఒకరోజు వంటింట్లోంచి చెక్క గరిటె తెచ్చి, ఒక కొస నా పొట్ట మీద, ఇంకో కొస తన చెవి మీద పెట్టుకుంది. ఊపిరి బిగపట్టి వింది. తర్వాత తీర్పు చెప్పింది.

"తిరుగుతున్నాడు."

"ఎవరే?"

"తమ్ముడు."

తమ్ముడని దానికెవరూ చెప్పలేదు. దానంతట అదే ఖాయం చేసేసింది. ఆ రోజు నుంచి పొద్దున్న లేవగానే గరిటె పట్టుకొచ్చి తనిఖీ. అన్నం కలపడానికి గరిటె కనబడక మా అత్తయ్య ఇల్లంతా వెతుక్కునేది. "ఈ ఇంట్లో గరిటెలకి కూడా డ్యూటీలు పడ్డాయి" అనేది.

ఒక సాయంత్రం, కొట్టు నిండా జనం ఉన్న వేళ, నేను సగం మెట్లు దిగి ఆయన్ని పిలిచాను. "పొద్దుటి నుంచి కదలట్లేదండీ" అన్నాను. ఆయన ఒక చేతిలో రాగితీగ, ఇంకో చేతిలో ఎవరిదో ఫ్యాను రెక్క. నా మొహం చూశాడు. నేనేదో ఆశగా మొహం పెట్టి ఉంటాను.

"ఎండకి పడుకుని ఉంటాడులే. రేపు వెళ్ళి చూపిద్దాం" అన్నాడు.

నేను సరేనని మెట్లెక్కాను.

మర్నాడు వెళ్ళాం. మగపిల్లాడే. మేస్త్రి చెప్పింది నిజమే. "ముందు రోజు వచ్చినా మేము చెయ్యగలిగిందేమీ ఉండేది కాదు, బహుశా" అంది డాక్టరు. చాలా మంచావిడ. చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. ఆస్పత్రి నుంచి నేను ఇంటికి తెచ్చుకున్నది ఆ 'బహుశా' ఒక్కటే.

ఇంటికొచ్చిన పొద్దున్న మంచం మీద పడుకుని ఉన్నాను. మేస్త్రి గరిటెతో హాజరైంది. ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు. పొట్ట మీద ఒక కొస, చెవి మీద ఒక కొస. వింది. చోటు మార్చి వింది. గరిటె తిరగేసి వింది.

"తిరగట్లేదు" అంది. ఆయన వైపు తిరిగి, పనివాణ్ణి నిలదీసినట్టు, "నాన్నా, తమ్ముడు తిరగట్లేదు."

ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"రిపేరుకిచ్చామమ్మా."

"ఎప్పుడొస్తాడు?"

"రేపు."

అది తలూపి గరిటె వంటింట్లో పెట్టేసి వచ్చింది. వాళ్ళ వంశంలో అది సంతృప్తికరమైన జవాబు. ఆ క్షణంలో నేను లేచి కూర్చుని, 'కాదమ్మా' అని ఉండాల్సింది కదా అని చదివేవాళ్ళకి అనిపించవచ్చు. ఆ రోజు సూర్యుణ్ణి రిపేరుకిచ్చామని చెప్పినా నేను సరేననేదాన్ని.

చూడ్డానికి వచ్చినవాళ్ళు నా మొహంలో ఏడుపు కోసం వెతికారు. దొరక్కపోయేసరికి కాస్త నొచ్చుకున్నట్టు కూడా కనబడ్డారు. పక్కింటావిడ, "ఏడ్చెయ్యి అమ్మాయ్, భారం దిగుతుంది" అంది. ప్రయత్నించాను. ఉల్లిపాయలు తరిగినా కళ్ళలో నీళ్ళు రాలేదు ఆ వేసవిలో. బట్టలు ఆరేశాను, తీశాను, మడతపెట్టాను. మడతపెట్టినవి మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాను. అత్తయ్య చూసి ఏమీ అనలేదు. అత్తయ్య ఏమీ అనకపోవడం మా ఇంటి చరిత్రలో అదే మొదటిసారి.

మేస్త్రి మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. ఆ ఎండల్లోనే అది రెండు కాళ్ళూ ఒక్కసారి లేపి గెంతడం నేర్చింది. మొదట్లో నేల వదిలేది జుట్టొక్కటే. మోకాళ్ళు వంచి, పళ్ళు బిగించి, "హుప్" అనేది, పాదాలు మాత్రం ఉన్నచోటే ఉండేవి. అయినా గెంతేసినట్టు అందరి మొహాలూ చూసేది. తర్వాత ఎప్పుడో నిజంగానే గెంతింది. చప్పట్లు కొట్టాను. చేతులు కొట్టుకుంటున్న చప్పుడు నాకే ఎక్కడి నుంచో వినబడింది. గౌను మోకాళ్ళ పైకి వెళ్ళింది. పాలసీసా వదిలేసింది. చెప్పులు ఏ కాలిది ఆ కాలికి వేసుకుంది, వచ్చినవాళ్ళ చెప్పులు కూడా జతలు జతలుగా సర్ది పెట్టింది, కాస్త వంకరగా విప్పినవాళ్ళని వెనక్కి పిలిచి మరీ చూపించింది. అది ఎదుగుతున్న సంగతి నాకు తెలుస్తూనే ఉంది, పక్కింటి రేడియో వినబడుతున్నట్టు.

ఒక రోజు పరుగెత్తుకొస్తూ గోడకి గుద్దుకుంది. నుదురు బొప్పికట్టింది. ఏడుపు గుక్క తిప్పుకునేలోగా అత్తయ్య చంకనేసుకుని, పిల్లలున్న ప్రతి ఇంట్లో చేసే న్యాయమే చేసింది.

"గోడ కొట్టిందా నా తల్లిని? ఉండు, గోడని కొట్టేద్దాం. కొట్టు! ఇంకా కొట్టు!"

మేస్త్రి చెయ్యెత్తి ఆగిపోయింది. గోడ వైపు చూసింది. ఏడుపు మధ్యలోనే, "గోడ రాలేదు. నేనే వచ్చా" అంది.

అత్తయ్య నోరు తెరుచుకుని నా వైపు చూసింది. "దీనికి ఈ బుద్ధి ఎవరి పోలికే?"

"మీ అబ్బాయి పోలిక కాదులెండి" అన్నాను.

అలాంటి మాట నా నోట వచ్చి చాలా రోజులైంది. అత్తయ్య ఆ సంతోషంలో కొడుకుని వెనకేసుకురావడం కూడా మర్చిపోయింది.

చీమలు కనబడ్డది ఆ తర్వాతే. కొట్టులో కింది అర మూల నుంచి మెట్ల దాకా బారులు తీరాయి. వంగి చూస్తే ఫ్యాన్ల వెనక సగం బిస్కెట్టు, దాని పక్కన చిన్న పంటి గాటున్న అరటిపండు ముక్క. మా మేస్త్రి పిసినారితనం జగద్విదితం. దాని చేతిలో ఉన్నది దేవుడడిగినా పెట్టదు, చేతులు వెనక్కి పెట్టుకుని 'అయిపోయింది' అంటుంది. అలాంటిది ఏది తిన్నా సగం విరిచి అక్కడ పెట్టి వస్తోంది.

"ఎవరికే ఇది?"

"తమ్ముడికి. తింటాడు."

"తిన్నాడని నీకెలా తెలుసు?"

అమ్మకి బొత్తిగా తెలివిలేదన్నట్టు చూసింది. "ఉండదుగా!"

మర్నాడు మధ్యాహ్నం, ఆయన భోజనానికి పైకొచ్చిన వేళ నేను చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగాను. కింది అర దగ్గర అత్తయ్య గొంతుక్కూర్చుని ఉంది. నన్ను చూసి నోట్లోది మింగలేక, కక్కలేక ఉండిపోయింది.

"అత్తయ్యా, మీకు షుగరు."

"అరముక్కకే ఏమైపోతుందే?" అంది, మింగాక. పెదవి పక్కన పొడి ఉంది. "ఉంచితే చీమలు. తీసి పారేద్దామంటే చెయ్యి రావట్లేదు. వాడి…" ఆగింది. "అది వాడికని పెట్టింది కదా!"

ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. 'వాడు' అనే మాట ఇంట్లో గట్టిగా వినబడ్డది అదే మొదలు. తర్వాత చీపురు తెచ్చి చీమల్ని ఊడ్చాను.

ఆ పూటే, ఆయన మళ్ళీ కిందికి దిగబోతుంటే అడ్డం నిలబడ్డాను.

"దానికి చెప్పండి."

"ఏం చెప్పను?"

"మీరేం చెప్పారో అది కాదని."

"చిన్నపిల్ల. నాలుగు రోజులు పోతే అదే మర్చిపోతుంది."

"అది మర్చిపోయే రకమా? ఎవరి చెప్పులు ఏ వైపు విప్పారో గుర్తుపెట్టుకునే పిల్ల! మీ అమ్మగారు దాని తమ్ముడి వాటా తింటూ కూర్చున్నారు, షుగరు పెట్టుకుని."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. చేతులు పొడిగానే ఉన్నాయి.

"చెప్తాలే."

"ఎప్పుడు?"

ఆ మాట ఆయన నాలుక చివరికొచ్చి ఆగడం నాకు కనబడింది. పెదాలు కూడా దానికి తగ్గట్టు మడిచాడు. మింగేశాడు. తువ్వాలు భుజాన వేసుకుని కిందికి వెళ్ళిపోయాడు.

నేను చెప్పవచ్చు. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని రెండుసార్లు నోరు తెరిచాను కూడా. కానీ అది ఎదురు చూస్తోంది నా మాట కోసం కాదు. నేను ఎదురుచూస్తున్నది కూడా ఆయన మాట కోసమే.

వీధి చివర టైలరమ్మ టేబుల్ ఫ్యాను ఎండాకాలం మొదట్లోనే పై అర ఎక్కింది. ఆవిడ మెళ్ళో టేపుతో, చీర కొంగుతో విసురుకుంటూ వారం వారం వచ్చేది. ఆవిడ నోటికి వీధంతా భయపడుతుంది, మా ఆయనకి మాత్రం ఆవిడ మొహం చూసినా పాపమే అనిపిస్తుంది.

"ఏం బాబూ, నా ఫ్యాను అత్తారింటికెళ్ళిందా? మొదటి పండగకైనా పంపిస్తారా?"

"ఒక్క పార్టు రావాలక్కా. అది రాగానే…"

"పోయిన నెలా అదే పార్టు. నడిచొస్తోందా అది?"

కొట్టులో ఉన్నవాళ్ళు నవ్వారు. మెట్ల మీంచి చేతులు వెనక్కి కట్టుకుని మేస్త్రి దిగింది. టైలరమ్మని కిందినుంచి పై దాకా చూసి, వాళ్ళ నాన్న గొంతుతో చెప్పింది.

"రేపు రండి."

అందరూ విరగబడి నవ్వారు. "ఓసి నీ అసాధ్యం కూలా!" అంది టైలరమ్మ బుగ్గలు నొక్కుకుంటూ. "కొట్టు పేరు నిలబెట్టడానికి నువ్వొక్కదానివి చాలే!"

మేస్త్రికి నవ్వులు నచ్చవు. ఆవిడ తన మాట నమ్మలేదనుకుంది కాబోలు, భరోసా ఇచ్చింది.

"నీ ఫ్యాను వస్తుంది. తమ్ముడూ వస్తాడు. రేపు."

నవ్వులు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. నేను మెట్ల మీదే ఉన్నాను. టైలరమ్మ నా వైపు చూసింది, తర్వాత ఆయన వైపు. ఆయన వంగి, బిగించి ఉన్న స్క్రూనే మళ్ళీ బిగిస్తున్నాడు. ఆవిడ మెళ్ళో టేపు తీసి నెమ్మదిగా చుట్ట చుట్టింది.

"నాకు రేపన్నా ఫర్వాలేదు బాబూ" అంది, ఈసారి గొంతు పెంచకుండా. "నేను పెద్దదాన్ని. ఉక్కపోస్తే ఉక్కపోతలోనే కూర్చుంటాను."

ఆ తర్వాత ఆవిడ ఫ్యాను కోసం రాలేదు.

వానలు పడ్డాయి. ఫ్యాన్ల కొట్టుకి వాన అంటే తిరునాళ్ళు అయిపోయిన మర్నాడు లాంటిది. బాగైనవన్నీ ఒక్కొక్కటే ఇళ్ళకి వెళ్ళిపోయాయి. కింది అర ఖాళీ అయింది, మధ్య అర ఖాళీ అయింది. పై అరలో పాతవాటిని ఆయన విడిభాగాల కోసం విప్పేశాడు. చివరికి గోడ మీద మిగిలింది టైలరమ్మ ఫ్యానొక్కటే.

ఆ మధ్యాహ్నం జల్లు పడుతుంటే ఆరేసిన బట్టలు లాక్కొచ్చి నేనూ అత్తయ్యా మెట్ల మీద కూర్చుని మడతపెడుతున్నాం. మేస్త్రి మా మధ్యలోంచి దారి చేసుకుని దిగింది. చేతిలో చెక్క గరిటె. అది ఆ గరిటె పట్టుకోవడం ఆస్పత్రి నుంచి వచ్చిన ఆ పొద్దుటి తర్వాత మళ్ళీ ఇదే. నేరుగా వెళ్ళి గోడ కింద నిలబడి తల పైకెత్తింది.

"దింపు."

"ఏది?" అన్నాడాయన. ఉన్నది ఒకటే.

"అది."

దింపి బల్ల మీద పెట్టాడు. దుమ్ము లేచింది. మేస్త్రి స్టూలెక్కి, గరిటె ఒక కొస మోటారు మీద పెట్టి, ఇంకో కొస చెవికి ఆనించుకుంది. చాలాసేపు వింది.

"తిరగట్లేదు."

"ఊఁ."

"అన్నీ వెళ్ళిపోయాయి. ఇది వెళ్ళలేదు."

"ఊఁ."

"బాగవుతుందా?"

ఆయన స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. మొన మోటారు మీద ఆనించి, పిడికి చెవి పెట్టాడు. కరెంటు లేని మోటారులో వినడానికేమీ ఉండదు. అయినా విన్నాడు. తండ్రీ కూతుళ్ళిద్దరూ చెరోవైపు చెవులు పెట్టుకుని అలా ఉండిపోయారు.

"బాగవదు" అన్నాడు.

అత్తయ్య చేతిలో తువ్వాలు సగం మడతలో ఆగింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నేను వినడం అదే మొదలు.

"రేపు?" అంది మేస్త్రి.

"రేపు కూడా బాగవదు. లోపలంతా మాడిపోయింది. ఆ అక్కకి వెళ్ళి చెప్తాను."

మేస్త్రి తలూపింది, లెక్క సరిపోయినట్టు. స్టూలు దిగింది. కింది అర దగ్గరికెళ్ళి, పొద్దున్న పెట్టిన సగం బిస్కెట్టు అక్కడే ఉండడం చూసింది. అది చేతిలోకి తీసుకుని తిరిగింది.

"తమ్ముడు?"

ఆయన నేల మీద కూర్చున్నాడు, దాని మొహానికి తన మొహం సమంగా వచ్చేట్టు.

"రాడమ్మా. తమ్ముణ్ణి రిపేరుకివ్వలేదు. మనుషుల్ని ఎవరూ రిపేరుకి తీసుకోరు. వాడు చచ్చిపోయాడు. రేపు రాడు, ఎప్పుడూ రాడు."

ఆయన మాట నమ్మాలో లేదో తెలియనివాళ్ళు మెట్ల మీదున్న నా వైపు చూడడం కొట్టులో అలవాటే. మేస్త్రి కూడా అలాగే చూసింది.

"అవునమ్మా" అన్నాను. నా గొంతు పలికింది.

అది ఆలోచించింది. అర్థమైందో లేదో నేను చెప్పలేను. కానీ దాని బుద్ధి దానిది, సాక్ష్యం ఒకటి మిగిలిపోయింది.

"మరి బిస్కెట్టు ఎవరు తిన్నారు?"

"నేనేనే తల్లీ" అంది అత్తయ్య, దొంగలా.

"అడగాలి" అంది మేస్త్రి కఠినంగా. ఆ సగం బిస్కెట్టు నోట్లో పెట్టుకుని, గరిటె ఈడ్చుకుంటూ మెట్లెక్కి వచ్చి, నా ఒళ్ళో మడతపెట్టిన బట్టల మీదే కూర్చుంది. బరువుగా ఉంది. వేసవి మొదట్లో ఇంత బరువు లేదు.

ఆయన కింద అలాగే కూర్చుని ఉన్నాడు. టైలరమ్మ ఫ్యాను మీద దుమ్ము వేలితో తుడిచాడు. బయట జల్లు తగ్గింది. తర్వాత తలెత్తాడు, దాని వైపు కాదు, నా వైపు.

"ఆ సాయంత్రం నువ్వు మెట్లు దిగి వచ్చి చెప్పావు" అన్నాడు. "నేను రేపన్నాను."

డాక్టరు అన్న 'బహుశా' నోటిదాకా వచ్చింది. అది ఆయనకి ఇవ్వబుద్ధి కాలేదు.

"అప్పటికప్పుడు వెళ్ళాల్సింది" అన్నాడు. "తప్పు నాదే."